తెర అడుగున నీడ

ఆ వీధిలో ఎవరైనా కిటికీలకు పరదాలు కుట్టించుకోవాలన్నా, ప్యాంటు పొడవు తగ్గించుకోవాలన్నా "ఆపరేటరమ్మ దగ్గరికి వెళ్లండి" అని చెబుతారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ పేరు విని ఆపరేషన్లు చేసే మనిషేమోనని కాస్త కంగారు పడతారు. తీరా వెళ్లి చూస్తే, కిటికీ పక్కన కుట్టుమిషను ముందు ఒక బక్కపలచని ఆవిడ, ముక్కు కొసకు జారిన కళ్లజోడు మీదుగా చూస్తూ ఉంటుంది. వచ్చినవాళ్లు గడగడా చెప్పుకుపోతుంటే చెయ్యెత్తి ఆపి, "మెల్లిగా, నా వైపు తిరిగి చెప్పండి. నాకు వినపడదు" అంటుంది.

వినపడని మనిషికి ఆ పేరు ఎలా వచ్చిందంటే, పెళ్లికి ముందు నుంచీ ఆవిడ టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో పనిచేసింది. ఎదురుగా బెజ్జాల బోర్డు, చెవులకు హెడ్‌సెట్టు. ఏ బెజ్జం దగ్గర దీపం వెలిగితే అక్కడ తీగ గుచ్చి "నంబర్ చెప్పండి" అనాలి. లైను దొరక్కపోతే జనం ఏడు తరాలనూ తిట్టేవారు. ఆవిడ మాత్రం గొంతు పెంచేది కాదు. "ఇంకొక్కసారి ప్రయత్నిస్తానండీ, ఉండండి" అనేది. ఆ గొంతు వినడానికే కొందరు పనిలేకపోయినా ఫోన్ చేసేవారని ఎక్స్‌ఛేంజీలో చెప్పుకునేవారు.

నలభై దాటాక చెవులు మెల్లిగా మొరాయించాయి. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత గిన్నెలో నీళ్లు మరిగే చప్పుడు, ఆ తర్వాత ఫోన్లో సన్నగా మాట్లాడేవాళ్ల గొంతులు. చివరికి భర్త గొంతు కూడా పోయింది. అది పోయిందంటే ఇక ఏమీ మిగల్లేదన్నమాటే. ఎందుకంటే ఆయన సిటీ బస్సు డ్రైవరు. మామూలుగా మంచినీళ్లడిగినా నాలుగిళ్ల అవతల వాళ్లు చెంబు పట్టుకొస్తారని వేళాకోళం. డిపోలో అందరూ ఆయన్ని హారన్ అనేవారు. ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. "ఆ హారను పక్కన చెవులు బాగా వినపడే భార్య ఉంటే ఇద్దరూ బతికేవారు కాదే. దేవుడు చూసే జత కట్టాడు" అని ఆవిడ అక్క నవ్వేది.

ఉద్యోగం పోయాక ఆపరేటరమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. తల్లి దగ్గర నేర్చుకున్న కుట్టుపని ఉంది. మిషను తిరుగుతుంటే ఆ అదురు బల్లలోంచి మోచేతులకు పాకుతుంది. దారం తెగబోతున్నా, సూది మొద్దుబారినా ఆ అదురులోనే తెలిసిపోతుంది. గడపలో గంట నొక్కితే మిషను మీద ఎర్రబల్బు వెలిగేలా భర్తే వైరు లాగాడు. పగలంతా పనితో గడిచిపోయేది. పొద్దు వాలాక మాత్రం టీవీ కావాలి.

ఆ టీవీ ఆవిడ తన కుట్టు సంపాదనతో కొనుక్కున్నది. గోడలో సగం ఉండే పెద్ద తెర. బిల్లు కూడా తన పేరునే రాయించింది. "నా పేరున ఏముంది ఈ ఇంట్లో? టీవీ అయినా ఉండనీ" అంది. హారన్ అడ్డు చెప్పలేదు. తెర పెద్దది కావాలనడానికి కారణం ఉంది. కార్యక్రమాల్లో మాట్లాడే మాటలన్నీ తెర కింద అక్షరాల్లో వస్తాయి. చిన్న తెర మీద అవి చీమల బారులా ఉంటాయి. భర్త పెదవులూ కూతురి పెదవులూ ఆవిడకు కంఠతా వచ్చు. టీవీలో వాళ్లవి రావు. అరువు గొంతులు పెట్టిన సినిమాల్లో అయితే పెదవి ఒకటంటుంది, మాట ఇంకొకటి. అందుకని ఆవిడ చూపు ఎప్పుడూ తెర అడుగునే ఉండేది. హీరో మొహం ఎలా ఉంటుందని అడిగితే ఆలోచించి చెప్పాలి. వాడేమన్నాడో అడిగితే పొల్లు పోకుండా చెబుతుంది.

ఒక సాయంత్రం అక్షరాలు మసకబారాయి. కళ్లజోడు తుడుచుకుంది. అయినా మసకే. తెర దగ్గరికి వెళ్లి చూస్తే కింది అంచు పొడవునా నల్లటి నీడ పట్టీలా పరుచుకుని ఉంది. గుడ్డ పెట్టి తుడిచింది. తీసి మళ్లీ వేసింది. నీడ కదల్లేదు. పైన బొమ్మ నిక్షేపంలా ఉంది. అడుగున మాత్రం ఎవరో తారు పూసినట్టుంది.

"ఏవండీ, ఇలా రండి" అని పిలిచింది.

హారన్ వచ్చి, దూరంగా నిలబడి చూసి, దగ్గరగా వెళ్లి చూసి, వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూస్తూ అన్నాడు. "బాగానే ఉంది కదే! కాస్త కింద మబ్బేసింది, అంతేగా."

"ఆ కిందే కదండీ నా టీవీ. పైదంతా మీది."

అప్పుడు గాని ఆయనకు అర్థం కాలేదు.

ఆ వారమంతా హారనే ఆవిడకు టీవీ అయ్యాడు. తెర పక్కన స్టూలు వేసుకుని, ఆవిడ వైపు తిరిగి, విన్నది విన్నట్టు పెదవులతో చెప్పాలి. మొదటి రోజు బాగానే సాగింది. రెండో రోజుకి బద్ధకించాడు. తెర మీద అత్తగారు చేతులూపుతూ చాలాసేపు మాట్లాడింది. హారన్ "కోప్పడింది" అన్నాడు.

"అంతసేపు మాట్లాడింది, ఒక్క ముక్కేనా?"

"సారాంశం చెప్పాను. డొంకతిరుగుడు ఎందుకు?"

"నాకు సారాంశం వద్దు. ఆ తిట్లు కావాలి."

ఇంకో రోజు ఆయనకు కునుకు పట్టింది. మధ్యలో మెలకువ వచ్చి, ఏం జరిగిందో తెలియక, తోచింది చెప్పేశాడు. కథలో అన్నదమ్ములు రాజీపడ్డారనీ, ఇల్లు అమ్మట్లేదనీ చెప్పాడు. ఆపరేటరమ్మ తృప్తిగా పడుకుంది. మర్నాడు కూతురు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు తల్లి దగ్గర ఓ గంట కూర్చుని వెళ్లడం అలవాటు. మాటల్లో ఆ సీరియల్ వచ్చింది.

"రాజీ ఏమిటమ్మా? తమ్ముడు అన్న మీద కేసు వేశాడు కదా!"

ఆపరేటరమ్మ తల తిప్పి భర్త వైపు చూసింది. హారన్ ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి వెళ్లిపోయాడు.

"ఇలా లాభం లేదు. వారంటీ ఉంది, కంపెనీకి ఫోన్ చెయ్యి నాన్నా" అంది కూతురు.

చేశాడు. ముందు మిషను గొంతు పలికింది. దీనికైతే ఒకటి నొక్కండి, దానికైతే రెండు నొక్కండి. నొక్కుతూ పోగా పోగా పాట వచ్చింది. ఆ పాట అయిపోయి మళ్లీ మొదలైంది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంది గొంతు. "ముఖ్యమైతే ఎత్తవే!" అని హారన్ అరిచాడు. పక్కింటి కుక్క మొరిగింది. ఆపరేటరమ్మ మిషను దగ్గర కూర్చుని ఇదంతా ఆయన మొహంలో చదువుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయంటే ఇంకా పాటే వస్తోందన్నమాట. నుదురు సడలిందంటే మనిషి దొరికినట్టు.

చివరికి ఎవరో అమ్మాయి దొరికింది. టీవీ ఎవరి పేరున ఉందని అడిగింది. నా భార్య పేరున అన్నాడు. ఆవిడకు ఫోన్ ఇవ్వండి అంది.

"ఆవిడకు వినపడదమ్మా."

"క్షమించండి సార్. ఎవరి పేరున ఉంటే వాళ్లే మాట్లాడాలి. వివరాలు వాళ్ల నోటి నుంచే వినాలి."

"వినపడని మనిషి ఫోన్లో ఎలా మాట్లాడుతుందమ్మా? నీకు నేను చెబుతోంది వినపడుతోందా?"

"వినపడుతోంది సార్. కొంచెం మెల్లిగా మాట్లాడండి సార్."

రాతపూర్వకంగా చెప్పుకునే దారి లేదా అని అడిగాడు. ఫిర్యాదు ఫోన్లోనే ఇవ్వాలట. మర్నాడు మళ్లీ చేశాడు. ఇంకో అమ్మాయి, అదే మాట. ఆ పై రోజు ఒకబ్బాయి, అదే మాట. మూడోసారికి హారన్ నోటి నుంచి వచ్చినవి ఆపరేటరమ్మ కళ్లతో విన్నా తట్టుకోలేని మాటలు. చటుక్కున లేచి ఫోన్ లాక్కుని కట్టేసింది.

"పిల్లల్ని తిడతారేమిటండీ? వాళ్ల చేతిలో ఏముంది? నన్ను కూడా ఇలాగే తిట్టేవారు. లైను తెగింది గాలివానకైతే, తిట్లు తిన్నది నేను."

"మరి ఎవర్ని తిట్టను?"

"ఎవర్నీ వద్దు. రేపు నేనే మాట్లాడతాను."

"వినపడకుండానా?"

"మాట్లాడటానికి చెవులెందుకు?"

ఇద్దరూ కూర్చుని ఉపాయం పన్నారు. ఫోన్ ఆవిడ నోటి దగ్గర ఉంటుంది. హారన్ తన చెవి దానికి ఆనించి వింటాడు. అవతలివాళ్లు పేరడిగితే భార్య చెయ్యి ఒకసారి నొక్కుతాడు. పుట్టినరోజు అడిగితే రెండుసార్లు. చిరునామాకు మూడు. అంతకు మించి ఏం అడుగుతారులే అనుకున్నారు.

మర్నాడు బల్ల దగ్గర తలలు రెండూ ఆనించుకుని కూర్చున్నారు. లైను కలిసింది. ఒక నొక్కు. ఆపరేటరమ్మ పేరు చెప్పింది. మూడు నొక్కులు. చిరునామా చెప్పింది. పని నల్లేరు మీద బండిలా సాగిపోతోంది. అంతలో ఆ అమ్మాయి, "అమ్మా, నా మాట మీకు స్పష్టంగా వినపడుతోందా?" అంది. దీనికి నొక్కు లేదు. హారన్ కంగారుపడి రెండుసార్లు నొక్కేశాడు. ఆపరేటరమ్మ నిబ్బరంగా తన పుట్టినరోజు చెప్పింది.

అవతల ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "అమ్మా, మీ పక్కన ఎవరో ఉండి చెప్పిస్తున్నారు కదూ" అంది. హారన్ మొహం పాలిపోయింది. ఆ మొహం చూడగానే ఆపరేటరమ్మకు దొరికిపోయామని తెలిసిపోయింది. ఆవిడ భర్త చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని సర్దుకు కూర్చుంది.

"అమ్మాయ్, నాకు వినపడదు. నువ్విప్పుడు ఏమన్నావో నాకు తెలీదు, ఇకముందు ఏమంటావో కూడా తెలీదు. నువ్వు మాత్రం నా మాట వినగలవు, అది చాలు. నీ పనే నేనూ చేశాను తల్లీ, చాలా ఏళ్లు. నీ వెనకాల ఎవరో నిలబడి వింటూ ఉంటారని నాకు తెలుసు. నీ మీద మాట రాకుండానే ఒక పని చెయ్యి. టీవీ నాది. పేరు నాది. చెబుతున్న గొంతూ నాదే. తెర కింద అక్షరాలు వచ్చే చోట నీడ పడింది. చూసి వెళ్లడానికి ఒక మనిషిని పంపమని రాసుకో. అంతకంటే ఏమీ అడగను. ఫోన్ ఇప్పుడు మా ఆయనకిస్తున్నాను. సరే అనో, కాదనో ఆయనకు చెప్పు."

గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు. తను పలికింది తనకు వినపడకపోయినా, ఎక్కడ ఆగాలో ఎక్కడ తగ్గించాలో ఆ గొంతు మరిచిపోలేదు. హారన్ ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత కట్టేశాడు.

"ఏమందండీ?"

"'రాసుకున్నానండీ' అంది." ఫోన్ బల్ల మీద పెడుతూ, "ఫోన్లో నీ గొంతు విని ఎన్నేళ్లయింది" అన్నాడు, ఆవిడ మొహం వైపు చూడకుండా. ఆ మాట ఆవిడకు అందలేదు. మళ్లీ చెప్పమని అడిగింది. ఆయన టీ పెట్టమన్నానని చెప్పాడు.

మెకానిక్ వచ్చాడు. మెడ పట్టేసినట్టు తల ఒక పక్కకు వంచి నడిచే నడివయసు మనిషి, భుజాన బరువైన సంచి. టీవీలో ఏవో రంగులు తెప్పించి చూశాడు. సంచిలోంచి టేపు తీసి నీడ ఎత్తు కొలిచాడు. కొలిచి పెదవి విరిచాడు. పెదవి విరుపు దగ్గర అందరి భాషా ఒకటే.

"అమ్మా," అన్నాడు, ఆవిడ వైపు తిరిగి. ఎదురుగా చూసి మాట్లాడాలని గడపలోనే హారన్ చెప్పి పెట్టాడు. "అంచు నుంచి ఇంత ఎత్తు దాకా నీడ వస్తే మా కంపెనీ దాన్ని లోపం కింద లెక్కెయ్యదు. ఇది ఆ లోపలే ఉంది. బొమ్మ బాగుంది కదా, చూసుకోవచ్చు."

ఆపరేటరమ్మ వాదించలేదు. "కూర్చో నాయనా, టీ తాగి వెళ్దువుగాని" అని కుర్చీ చూపించింది. సీరియల్ వచ్చే వేళ అది. టీవీ పెట్టి, దాని గొంతు మొత్తం తగ్గించేసింది. మెకానిక్ కప్పు పట్టుకుని చూస్తున్నాడు. తెర మీద ఒక ముసలావిడ వాకిట్లో నిలబడి ఉంది. ఒకతను వచ్చి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుని కూలబడి ఏడ్చింది. అడుగున అక్షరాలన్నీ ఆ నల్లపట్టీలో మునిగిపోయాయి.

"ఏమైందంటావ్?" అని అడిగింది ఆపరేటరమ్మ.

"ఎవరో పోయినట్టున్నారమ్మా. కొడుకేమో, పాపం" అన్నాడు అతను, కప్పు కింద పెట్టి.

ఆవిడ భర్తకు సైగ చేసింది. హారన్ టీవీ గొంతు పెంచాడు. ముసలావిడ ఇంకా ఏడుస్తూనే, "మన ఇల్లు మనకిచ్చేశారా? నిజంగా ఇచ్చేశారా?" అంటోంది. మెకానిక్ ఆ మాట విని నోరు తెరిచాడు. హారన్ ఆవిడకు పెదవులతో ఆ ముక్క చెప్పాడు, ఈసారి సారాంశం కాకుండా పూర్తిగా.

"చూశావా నాయనా! ఏడుపు ఏడుపే. అది ఏ ఏడుపో కింద రాస్తే గాని నాకు తెలీదు."

అతను టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఫోన్ తీసి, అక్షరాలు వచ్చే సమయం చూసి మరీ తెరను ఫోటో తీశాడు. "నా చేతిలో లేదమ్మా. కానీ పైకి పంపిస్తాను. మీకు వినపడదన్న సంగతి కూడా రాస్తాను. ఏమంటారో చూద్దాం" అన్నాడు. వెళ్తూ తన నంబర్ ఇచ్చి, "మీరు ఫోన్ చెయ్యక్కర్లేదు. మెసేజ్ పెట్టండి, నేను చూసుకుంటాను" అన్నాడు. ఇన్నాళ్లలో ఆ కంపెనీ తరఫున అక్షరాల్లో చెప్పుకోమన్న మొదటి మనిషి అతనే.

పైనుంచి జవాబు ఆపరేటరమ్మ ఫోన్‌కే వచ్చింది. లోపం పరిమితిలోనే ఉంది కాబట్టి తెర మార్చడం కుదరదట. కింద ఇంకో వాక్యం. అక్షరాలు కనపడని పక్షంలో వినియోగదారులు టీవీ శబ్దాన్ని ఉపయోగించుకోవచ్చునట.

ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివి భర్తకు చూపించింది. హారన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. టీవీ తీసుకెళ్లి వాళ్ల ఆఫీసు మెట్ల మీద పడేసి వస్తానని చెప్పులు వేసుకున్నాడు. గోడ నుంచి ఊడదీయడం ఎలాగో తెలియక అక్కడే నిలబడిపోయాడు. ఆపరేటరమ్మకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. కాసేపు నవ్వాక కళ్లు తడిశాయి. "చెవుడు నాకా వాళ్లకా?" అంది. ఆ పూట మిషను మీద కూర్చుంది గాని ఒక పరదాకు కుట్టు వంకర పోయి మొత్తం విప్పాల్సి వచ్చింది. ఆవిడ చేతిలో అలా జరగడం అరుదు.

మెకానిక్‌కు సంగతి మెసేజ్ పెట్టింది. అతని జవాబు సాయంత్రానికి వచ్చింది. "అమ్మా, ఇలాంటి నీడ ఆగదు. పెరుగుతుంది. తెర వెనక వెలుగిచ్చే పట్టీ ఒకటి పోతోంది, పక్కదీ పోతుంది. వారంటీ గడువు లోపల కొలత దాటితే వాళ్లు కాదనలేరు. దాటగానే నాకు ఫోటో పెట్టండి."

ఎవరైనా తమ టీవీ ఇంకా పాడవ్వాలని కోరుకుంటారా? ఆ ఇంట్లో కోరుకున్నారు. హారన్ తెర పక్క గోడ మీద పెన్సిలుతో కొలత గీత గీశాడు. పొద్దున లేవగానే టీవీ పెట్టి, పసివాడి పొడవు చూసినట్టు నీడ ఎంత పెరిగిందో చూసేవాడు. "ఇవాళ కాస్త ఎదిగింది" అని ఆనందంగా చెప్పేవాడు. ఒక్కోరోజు "నిన్నటికంటే తగ్గినట్టుందే" అని దిగులు పడేవాడు. వచ్చిన కూతురికి ఏమీ అర్థం కాక, "మీ ఇద్దరికీ ఏమైంది?" అని అడిగింది. చెబితే నవ్వి, తనూ వచ్చినప్పుడల్లా వంగి చూడటం మొదలుపెట్టింది. సీరియల్ వేళకు హారన్ స్టూలు ఎక్కి కూర్చునేవాడు. కునుకు పట్టకుండా ముందే మొహం కడుక్కునేవాడు. అత్తగారి తిట్లు ఒక్కటి కూడా వదలకుండా చెప్పేవాడు. అవసరమైన చోట తనవి రెండు కలిపేవాడని కూతురికి అనుమానం. ఆపరేటరమ్మ మాత్రం అడగలేదు.

ఒక ఆదివారం నీడ గీతను తాకింది. ఆ మర్నాటికి దాటేసింది. ఫోటో తీసి పంపారు. మెకానిక్ వచ్చి టేపు పెట్టి కొలిచి, ఆ అంకె రాసుకుని వెళ్లాడు. ఈసారి పైవాళ్లు ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఎవరి పేరున ఉందనీ అడగలేదు, ఎవరు మాట్లాడతారనీ అడగలేదు. తెర మారుస్తామని మెసేజ్ వచ్చింది.

"మనిషి చెబితే వినలేదు. టేపు చెబితే విన్నారు" అన్నాడు హారన్.

"విన్నారుగా, పోనివ్వండి" అంది ఆవిడ. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో గెలిచిన సంతోషం లేదు. తను అన్ని మాటలు చెప్పింది కదా, ఒక్కటీ లెక్కలోకి రాలేదే అని మనసులో కొంచెం మిగిలిపోయింది. అది చాలాకాలం పోలేదు. ఎప్పుడైనా ఎవరైనా ఆ కంపెనీ పేరెత్తితే ఆవిడ మాట మార్చేసేది. ఆ మెకానిక్ పేరెత్తితే మాత్రం కుర్చీ జరుపుకుని కూర్చుని చెప్పేది. అతని పనిచొక్కా జేబు చిరిగి ఉంటే తెర బిగించిన రోజునే విప్పించి కుట్టి ఇచ్చింది. అతను బనీనుతో కూర్చుని, మెడ వంకరగా పెట్టుకుని, ఆవిడ కుట్టు చూస్తూ టీ తాగాడు.

అతను వెళ్లాక దీపాలు పెట్టే వేళకు ఆవిడ టీవీ ముందు కూర్చుంది. తెర అంచు దాకా తెల్లగా మెరుస్తోంది. వార్తలు వస్తున్నాయి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు చక్కగా పోతున్నాయి. ఆవిడ ఊపిరి బిగబట్టి చదువుతూ, ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

హారన్ వంటింట్లోంచి తొంగి చూసి, ఆవిడ కంట పడేలా వచ్చి, "ఏమిటా నవ్వు?" అన్నాడు.

"చూడండి, ఏం రాశారో! 'రేపు సాయంత్రం వాన పాడుతుంది' అట. పడుతుంది అని రాయబోయి అలా రాసుంటారు."

హారన్ తెర వైపు చూశాడు. ఆ అక్షరాలు అప్పటికే వెళ్లిపోయాయి. ఆయన ఆవిడ పక్కన కూర్చుని, మళ్లీ వస్తాయేమోనని చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ ఆయన మోచెయ్యి తట్టింది.

"పాడినా పడినా, రేపు కుట్టి ఇవ్వాల్సిన పరదా గుడ్డలు తడిపి పెరట్లో ఆరేశాను. ముందు అవి తీసుకురండి."

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. ఆవిడ మళ్లీ చదవడం మొదలుపెట్టింది.